బొమ్మ ఎందుకు పడలేదు?

పెళ్ళి ముహూర్తాల రోజుల్లో యాదగిరిగుట్ట కిటకిటలాడుతుంది. నరసింహస్వామి సన్నిధిలో పిల్లల పెళ్ళి చేస్తామని మొక్కుకున్న కుటుంబాలు హైదరాబాద్ నుంచీ, నల్లగొండ, జనగామ పల్లెల నుంచీ వస్తాయి. కొండ కింద ఫంక్షన్ హాల్లో తలంబ్రాలు పడతాయి. కొన్ని వారాల తర్వాత ఆ పెళ్ళంతా వీడియోగా ఇంటికొస్తుంది. ఒకప్పుడు అది వీహెచ్‌ఎస్ క్యాసెట్. తర్వాత డీవీడీ అయింది. హెచ్‌డీ కెమెరాలు వచ్చాక కొందరికి బ్లూరే డిస్క్ అందింది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నారు.

వీటన్నిటిలో ఎక్కువ తిప్పలు పెట్టేది బ్లూరే డిస్కే. ఇంట్లోని డీవీడీ ప్లేయర్ దాన్ని చదవలేదు. అందుకని ఎవరో ఒకరు కంప్యూటర్‌కు బ్లూరే డ్రైవ్ తగిలించి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలుపుతారు. బంధువులంతా తెర ముందు కూర్చుంటారు. తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తుంది. లేదా మాట వినిపించి బొమ్మ కనిపించదు. లేదా బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు ఒకరు కేబుల్ మార్చమంటారు, ఒకరు టీవీ పాతదంటారు, ఇంకొకరు డిస్క్ పాడైందంటారు. కొత్త కేబుల్ వస్తుంది, కొత్త డ్రైవ్ వస్తుంది, చిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

డిస్క్ మీది రాత టీవీ తెర మీద పెళ్ళికూతురి నవ్వుగా మారే లోపు ఐదు చోట్లు దాటాలి: డిస్క్, డ్రైవ్, కంప్యూటర్‌లోని ప్లేయర్, కేబుల్, టీవీ. ప్రతిచోటా భౌతికశాస్త్ర నియమమో, ఇంజనీర్లు రాసుకున్న ఒప్పందమో పనిచేస్తూ ఉంటుంది. అది తప్పిన చోట లోపం తన గుర్తును వదులుతుంది. ఆ గుర్తులను చదవడం నేర్చుకుంటే పరికరం మార్చే ముందే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఈ అధ్యాయం దాని గురించే.

రెండు పరీక్షలు

ఐదు చోట్లలో ఏది తప్పిందో వెతకడానికి ఐదింటినీ విప్పనక్కర్లేదు. దారిని మధ్యకు రెండుగా విడగొడితే చాలు.

మొదటి పరీక్ష: టీవీ కేబుల్ తీసేసి, డిస్క్‌ను కంప్యూటర్ తెర మీదే ఆడించండి. ఇందులో డిస్క్, డ్రైవ్, ప్లేయర్ మాత్రమే పనిచేస్తాయి. రెండో పరీక్ష: డిస్క్ బయటికి తీసి, కంప్యూటర్‌లో ముందే ఉన్న మామూలు వీడియో ఒకదాన్ని అదే కేబుల్ మీదుగా అదే టీవీలో ఆడించండి. ఇందులో డిస్క్‌కూ డ్రైవ్‌కూ పాత్ర లేదు.

మొదటిది తప్పి రెండోది నెగ్గితే లోపం డిస్క్ వైపు ఉంది. మొదటిది నెగ్గి రెండోది తప్పితే లోపం కేబుల్ వైపు ఉంది. రెండూ తప్పితే రెండు పరీక్షల్లోనూ పనిచేసే ప్లేయర్‌లోనే లోపం ఉండవచ్చు, లేదా లోపాలు రెండు ఉండవచ్చు, ఒక్కొక్కదాన్నే పట్టుకోవాలి. రెండూ నెగ్గి, డిస్క్‌ను టీవీలో ఆడించినప్పుడు మాత్రమే బొమ్మ పడకపోతే అది చాలామందిని తికమక పెట్టే నాలుగో రకం. దానికి కారణం దాదాపు ఎప్పుడూ కాపీని అడ్డుకునే తాళాలే. దాని గురించి ముందు ముందు చూద్దాం.

వెతికేటప్పుడు ఒకే ఒక్క నియమం పాటించాలి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, టీవీలోని హెచ్‌డీఎంఐ పోర్టు, ప్లేయర్ మూడూ ఒకేసారి మారిస్తే బొమ్మ పడినా ఎందుకు పడిందో తెలియదు. తెలియనిది రేపు మళ్ళీ వస్తుంది. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే: మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటం.

నీలి కాంతి చదివే రాత

బ్లూరే పేరులోని నీలం లేజర్ రంగు నుంచి వచ్చింది. సీడీని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూరేకి 405. కాంతిని కటకంతో ఎంత సన్నటి చుక్కగా కూర్చినా ఒక హద్దు ఉంటుంది. తరంగదైర్ఘ్యం తగ్గితే చుక్క చిన్నదవుతుంది. కటకం ఎంత వెడల్పైన కోణం నుంచి కిరణాలను ఒక్కచోటికి చేరిస్తే అంత చిన్నదవుతుంది. ఆ సామర్థ్యాన్ని న్యూమరికల్ ఎపర్చర్ అంటారు. డీవీడీ కటకానికి అది 0.6, బ్లూరే కటకానికి 0.85.

లెక్క కట్టి చూడండి. 650ని 0.6తో భాగిస్తే సుమారు 1083. 405ని 0.85తో భాగిస్తే సుమారు 476. అంటే బ్లూరే చుక్క డీవీడీ చుక్క కన్నా 2.27 రెట్లు సన్నం. వైశాల్యంలో అది ఐదు రెట్లకు పైగా తేడా. డీవీడీలో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పడితే బ్లూరేలో 25 పడతాయి. ఇదీ ఐదు రెట్లకు పైనే. డిస్క్ కొలత మారకుండా ఇంత సమాచారం ఎలా పట్టిందన్న ప్రశ్నకు జవాబు ఈ చిన్న భాగహారంలోనే ఉంది.

ఆ నీలి కాంతిని అర్ధవాహకం నుంచి రాబట్టడం తేలిక కాలేదు. గాలియం నైట్రైడ్ స్ఫటికాలను మచ్చ లేకుండా పెంచడానికి జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా ఏళ్ళ తరబడి శ్రమించారు. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు ఆ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బ్లూరే డ్రైవ్‌లోని లేజర్ కూడా అదే పదార్థం నుంచి పుట్టింది.

ఇక్కడి నుంచి మొదటి గుర్తు దొరుకుతుంది. నీలి లేజర్ లేని డీవీడీ డ్రైవ్‌లో బ్లూరే డిస్క్ పెడితే అది కాసేపు తిరిగి, డిస్క్ లేదన్నట్టు ఊరుకుంటుంది. చుక్క లావుగా ఉండటంతో ఆ సన్నటి రాత దానికి కనిపించదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఈ లోపం పోదు. డ్రైవ్ ముఖం మీద బ్లూరే గుర్తు ఉందో లేదో ముందు చూసుకోండి. బయట తగిలించే డ్రైవులు కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. చూడటానికి డీవీడీ డ్రైవూ బ్లూరే డ్రైవూ ఒకేలా ఉంటాయి.

రెండో గుర్తు శబ్దం. డ్రైవ్ తిరగడం మొదలుపెట్టి, టక్కుమని ఆగి, మళ్ళీ తిరుగుతుంటే దానికి కరెంటు చాలడం లేదేమో అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900. మోటారు వేగం అందుకునే క్షణంలో, లేజర్ వెలిగే క్షణంలో డ్రైవ్‌కు ఎక్కువ కరెంటు కావాలి. రెండు తలల కేబుల్ గానీ, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ గానీ వాడితే చాలాసార్లు ఇది సర్దుకుంటుంది.

మూడో గుర్తు: బొమ్మ ప్రతిసారీ ఒకేచోట ఆగడం. తాళి కట్టే ఘట్టం దగ్గర ఆగిన డిస్క్ మళ్ళీ మొదటి నుంచి పెట్టినా సరిగ్గా అక్కడే ఆగితే లోపం డిస్క్ ఉపరితలంలో ఉంది. డీవీడీలో రాత ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే బ్లూరేలో 0.1 మిల్లీమీటరు కిందనే ఉంటుంది. పైన పడ్డ వేలిముద్ర కాంతికి పెద్ద అడ్డమవుతుంది. గీతలు పడకుండా బ్లూరేకి గట్టి పూత వేస్తారు. చదవలేకపోయిన చోట్లను లెక్కతో పూరించే దోష సవరణ సంకేతాలు కూడా డిస్క్‌లోనే రాసి ఉంటాయి. కొద్దిపాటి మరకను అవి సర్దేస్తాయి. మరక వాటి శక్తిని మించినప్పుడే బొమ్మ ఆగుతుంది. మెత్తటి పొడి నూలుగుడ్డతో డిస్క్ మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే రాత సాగే దిక్కులోనే గీత పడుతుంది, సవరణకు చిక్కనంత పొడవునా సమాచారం పోతుంది.

తాళాలూ చెవులూ

డిస్క్ చదవగలిగినంత మాత్రాన బొమ్మ రాదు. హెచ్‌డీ తెరలో 1920 నిలువు వరుసలూ 1080 అడ్డ వరుసలూ ఉంటాయి. మొత్తం 20,73,600 చుక్కలు. చుక్కకు 24 బిట్ల రంగు చొప్పున సెకనుకు 24 ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టు రాస్తే సెకనుకు సుమారు 119 కోట్ల బిట్లవుతాయి. రెండు గంటల సినిమాకు వెయ్యి గిగాబైట్లు దాటుతుంది. డిస్క్‌లో చోటు రెండు పొరలకూ కలిపి 50 గిగాబైట్లే. బ్లూరే నిబంధనల ప్రకారం బొమ్మకు దక్కేది సెకనుకు గరిష్ఠంగా 4 కోట్ల బిట్లు. అంటే ముప్పయ్యో వంతుకు కుదించాలి.

ఆ కుదింపును ఎక్కువగా హెచ్.264 అనే పద్ధతిలో చేస్తారు. చాలావరకు ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ తేడా ఎంతో, ఏ ముక్క ఎటు జరిగిందో మాత్రమే రాస్తారు. చూసేటప్పుడు ప్లేయర్ ఆ కుదింపును విప్పి ప్రతి ఫ్రేమునూ మళ్ళీ కట్టాలి. గ్రాఫిక్స్ చిప్‌లో దీనికోసమే కట్టిన భాగం ఉంటుంది. ప్లేయర్ దాన్ని వాడకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ గట్టిగా మోగుతూ బొమ్మ తడబడుతుంటే, ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ అన్నది ఆన్ చేసి చూడండి.

ఇంకో ఉపాయం ఉంది. పెళ్ళి డిస్క్‌లో బీడీఎంవీ అనే ఫోల్డర్, అందులో స్ట్రీమ్ అనే ఫోల్డర్, అందులో ఎం2టీఎస్ అనే తోకతో ముగిసే పెద్ద ఫైళ్ళు ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని ఆడించండి. కాపీ సాఫీగా ఆడి డిస్క్ మాత్రం తడబడితే లోపం డిస్క్‌ది గానీ డ్రైవ్‌ది గానీ. కాపీ కూడా తడబడితే లోపం ప్లేయర్ దగ్గరుంది.

ఇక తాళాల సంగతి. స్టూడియోలో రాసిన పెళ్ళి డిస్క్‌కు సాధారణంగా తాళం ఉండదు. వీఎల్‌సీ లాంటి ఉచిత ప్లేయర్ దాన్ని ఆడించేస్తుంది. అంగట్లో కొన్న సినిమా బ్లూరే అలా కాదు. అందులోని సమాచారాన్ని ఏఏసీఎస్ అనే పద్ధతిలో గుప్తలిపిగా రాస్తారు. దాన్ని విప్పే తాళంచెవులు అనుమతి పొందిన ప్లేయర్లకే ఇస్తారు. విండోస్‌తో పాటు బ్లూరే సినిమాను ఆడించే ప్లేయర్ రాదు, విడిగా కొనాలి. పైగా ఏదైనా ప్లేయర్ తాళంచెవి బయటికి పొక్కితే, ఆ తర్వాత అచ్చయ్యే డిస్కులు దాన్ని ఒప్పుకోవు. 2007లో తాళంచెవులు బయటపడ్డప్పుడు అదే జరిగింది. ప్లేయర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోని వాళ్ళకు కొత్త డిస్కులు ఆడలేదు. నిన్నటిదాకా ఆడిన ప్లేయర్ కొత్త సినిమాను కాదంటే మొదట చేయాల్సిన పని దాన్ని అప్‌డేట్ చేయడం.

పెళ్ళి డిస్క్ ఆడి సినిమా డిస్క్ ఆడకపోతే డ్రైవ్‌నూ కేబుల్‌నూ అనుమానించకండి, లోపం తాళాల దగ్గరుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన డిస్కుల్లో మరో తాళం ఉండవచ్చు. బ్లూరే ప్రపంచాన్ని ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు ప్రాంతాలుగా విభజించారు. అమెరికా ‘ఏ’ ప్రాంతంలో ఉంది, మన దేశం ‘సీ’ ప్రాంతంలో ఉంది. అట్ట మీద ‘ఏ’ అన్న గుర్తు ఒక్కటే ఉంటే ఇక్కడి ప్లేయర్ దాన్ని తిరస్కరించవచ్చు. మూడు అక్షరాలూ ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. ఇది డిస్క్ పెట్టాక కాదు, అక్కడ కొనే ముందే చూసుకోవాల్సిన విషయం.

4కే అల్ట్రా హెచ్‌డీ డిస్క్ అయితే కంప్యూటర్‌లో ఆడించడం మరీ కష్టం. అనుమతి పొందిన ప్లేయర్లు ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఎస్‌జీఎక్స్ అనే రక్షణ భాగం కావాలన్నాయి. ఇంటెల్ తర్వాతి తరాల మామూలు ప్రాసెసర్లలో ఆ భాగాన్నే తీసేసింది. దాంతో కొత్త కంప్యూటర్ ఆడించలేని డిస్క్‌ను పాతది ఆడించే వింత పరిస్థితి వచ్చింది. ఆ డిస్కులకు విడి ప్లేయరే సరైన దారి.

కేబుల్‌లో జరిగే సంభాషణ

రెండో పరీక్ష తప్పిందనుకుందాం. మామూలు వీడియో కూడా టీవీకి చేరలేదు. ఇప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ లోపలికి చూడాలి.

అందులో 19 పిన్నులుంటాయి. బొమ్మ వెళ్ళడానికి ముందు కంప్యూటరూ టీవీ మాట్లాడుకుంటాయి. కంప్యూటర్ ఒక పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. టీవీ ఇంకో పిన్ను మీద ‘నేనున్నాను’ అని జవాబిస్తుంది. అప్పుడు కంప్యూటర్ మరో రెండు సన్నటి తీగల మీదుగా టీవీలోని చిన్న చీటీని చదువుతుంది. దాని పేరు ఈడీఐడీ. టీవీ ఎన్ని చుక్కలు చూపగలదు, సెకనుకు ఎన్నిసార్లు తెర మార్చగలదు, ఏ రకం శబ్దం వినిపించగలదు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ చీటీ చదివాకే బొమ్మ బయలుదేరుతుంది.

‘నో సిగ్నల్’ అన్నప్పుడు చాలాసార్లు ఆగిపోయింది ఈ పలకరింపే. టీవీని ముందు ఆన్ చేసి, రిమోట్‌తో సరైన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఎంచుకుని, తర్వాత కంప్యూటర్‌ను ఆన్ చేయండి. విండోస్‌లో విండోస్ మీటతో పాటు పి నొక్కితే నాలుగు దారులు కనిపిస్తాయి. అందులో ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి. రెండు తెరలనూ ఒకేలా చూపే ‘డూప్లికేట్’ ఎంచుకుంటే, చవక ల్యాప్‌టాప్‌లో ఉండే 1366 చుక్కల వెడల్పు తెరకు సరిపడేలా టీవీకి వెళ్ళే బొమ్మ కూడా దిగిపోవచ్చు. 1080 గీతల డిస్క్ పెట్టి 768 గీతలే చూస్తారు.

కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌ల్లో హెచ్‌డీఎంఐ లేకుండా యూఎస్‌బీ సీ పోర్టు మాత్రమే ఉంటుంది. ఆ ఆకారమున్న పోర్టులన్నీ బొమ్మను పంపలేవు. కొన్ని చార్జింగ్‌కూ ఫైళ్ళకూ మాత్రమే. కన్వర్టర్ పనిచేయలేదని తిరిగిచ్చే ముందు ల్యాప్‌టాప్ వివరాల్లో ఆ పోర్టుకు డిస్‌ప్లే సౌకర్యం ఉందో లేదో చూడాలి.

పలకరింపు కుదిరాక బొమ్మ ప్రవాహం మొదలవుతుంది. సెకనుకు 60 సార్లు మారే 1080 గీతల బొమ్మకు మూడు జతల తీగల మీద కలిపి సెకనుకు 445 కోట్లకు పైగా బిట్లు పరుగెడతాయి. ఒక్కో జతలో ఒక బిట్ ఉండే కాలం నానోసెకనులో మూడింట రెండు వంతులు. ఆ కాలంలో సంకేతం రాగిలో జానెడు దూరం కూడా పోదు. కేబుల్ పొడవు పెరిగే కొద్దీ ఇంత వేగంగా మారే సంకేతం అరిగిపోతుంది, బిట్ అంచులు మసకబారతాయి. ఒక హద్దు దాకా టీవీ సున్నాను సున్నాగా, ఒకటిని ఒకటిగా గుర్తుపడుతూనే ఉంటుంది, బొమ్మ నిఖార్సుగా ఉంటుంది. హద్దు దాటగానే తెల్లటి చుక్కలు మిణుకుమంటాయి. ఇంకాస్త దాటితే తెర నల్లబడుతుంది.

అంకెల సంకేతపు ఈ గుణం తెలిస్తే డబ్బు మిగులుతుంది. మిణుకులు లేకుండా బొమ్మ వస్తున్నప్పుడు కేబుల్ తన పని పూర్తిగా చేసినట్టే. దాని బదులు పది రెట్ల ఖరీదైనది పెట్టినా రంగులు పెరగవు. మిణుకులు కనిపిస్తే పొట్టి కేబుల్ పెట్టి చూడండి. ఫంక్షన్ హాల్లో వేదిక దగ్గర నుంచి వెనక గోడ దాకా లాగాలంటే మామూలు రాగి కేబుల్ చాలదు. అంత దూరానికి లోపల కాంతి తంతువులున్న హెచ్‌డీఎంఐ కేబుల్ దొరుకుతుంది. దానికి దిక్కు ఉంటుంది. కంప్యూటర్ వైపు, టీవీ వైపు అని రాసి ఉన్న తలలను తారుమారు చేస్తే బొమ్మ రాదు.

రెండూ బాగున్నా పడని బొమ్మ

ఇప్పుడు నాలుగో రకానికి వద్దాం. డిస్క్ ల్యాప్‌టాప్ మీద ఆడుతోంది, మామూలు వీడియో టీవీలో ఆడుతోంది, సినిమా డిస్క్‌ను టీవీకి పంపితే మాత్రం తెర నల్లగా ఉంటోంది.

ఇది ఇంటెల్ తయారుచేసిన హెచ్‌డీసీపీ అనే కాపలా పని. డిస్క్ తాళం తీశాక బొమ్మ కేబుల్‌లో నగ్నంగా వెళ్తే దాన్ని మధ్యలో ఎవరైనా కాపీ చేసుకోవచ్చని సినిమా సంస్థల భయం. అందుకని కేబుల్‌లో వెళ్ళే బొమ్మను కూడా గుప్తలిపిగా మారుస్తారు. టీవీలోనూ కంప్యూటర్‌లోనూ రహస్య తాళంచెవుల గుత్తులుంటాయి. రెండూ ఒకదాన్నొకటి పరీక్షించుకుని, సరిపోయాకే బొమ్మ వెళ్తుంది. ఆడుతున్నంతసేపూ ఆ పరీక్ష సాగుతూనే ఉంటుంది. ఈ ఏర్పాటు మూల రహస్యం 2010లో బయటపడింది, నిజమేనని ఇంటెల్ ఒప్పుకుంది కూడా. అయినా కాపలా అలాగే కొనసాగుతోంది. కాపీ చేసేవాళ్ళను అది ఆపలేదు. డబ్బిచ్చి డిస్క్ కొన్న ప్రేక్షకుడిని మాత్రం ఇప్పటికీ ఆపుతోంది. ఇది న్యాయం కాదని ఈ రచయిత నమ్మకం.

దారిలో ఉన్న ప్రతి పరికరానికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. ఒక ల్యాప్‌టాప్ నుంచి నాలుగు టీవీలకు బొమ్మ పంచే స్ప్లిటర్ పెట్టారనుకోండి. ఆ నాలుగింటిలో ఒక్కటి పరీక్షలో తప్పినా, స్ప్లిటరే తప్పినా, బొమ్మ ఎక్కడా పడకపోవచ్చు. నీలం రంగు వీజీఏ కేబుల్‌తో కలిపిన పాత మానిటర్‌లో ఈ పరీక్షకు చోటే లేదు. కాబట్టి వీజీఏ తీసేయండి, స్ప్లిటర్ తీసేయండి, సౌండ్ పెట్టె మధ్యలో ఉంటే అదీ తీసేయండి. కంప్యూటర్‌ను నేరుగా ఒక్క టీవీకే కలపండి. బొమ్మ పడితే, తీసినవాటిని ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ రండి. ఏది కలిపినప్పుడు ఆగితే లోపం దానిదే.

పడింది గానీ సరిగా లేదు

బొమ్మ పడ్డాక కనిపించే లోపాలను చాలామంది భరించేస్తారు. వీటికి పైసా ఖర్చు లేని మందులున్నాయి.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది. దీపాల మిణుకు పట్టుబడకుండా ఇక్కడి పెళ్ళి కెమెరాలను సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములకో, 50 సగం ఫ్రేములకో పెడతారు. కంప్యూటర్ మాత్రం టీవీకి సెకనుకు 60 తెరలు పంపుతుంది. 25 ఫ్రేములను 60 తెరల్లో సర్దాలంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపాలి. ఊరేగింపులో కెమెరా మెల్లగా పక్కకు తిరిగే చోట బొమ్మ కుదుపులతో కదలడానికి కారణం ఇదే. డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును 50 హెర్ట్జ్‌కు మార్చండి. ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు తెరలకు సరిపోతుంది, కుదుపు పోతుంది. సినిమా డిస్క్ అయితే 24 హెర్ట్జ్ ఉందేమో చూడండి. కొన్ని కంప్యూటర్లలో 23 అని, 24 అని రెండూ కనిపిస్తాయి. చాలా డిస్కుల అసలు వేగం 23.976. 24 ఎంచుకుంటే సుమారు 40 సెకన్లకోసారి చిన్న కుదుపు వస్తుంది, 23 ఎంచుకుంటే రాదు.

సగం ఫ్రేముల పద్ధతిలో తీసిన వీడియోలో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు తర్వాతి క్షణానివి. రెండింటినీ కలిపి ఒకేసారి చూపితే కదిలే వస్తువుల అంచులకు దువ్వెన పళ్ళలాంటి గీతలు వస్తాయి. పోచంపల్లి ఇక్కత్ చీరలో రంగు వేసిన దారాలు వెంట్రుకవాసి జరిగినప్పుడు పువ్వు అంచు ఎలా చెదురుతుందో ఇక్కడా అలాగే చెదురుతుంది. చీరకు ఆ చెదురే అందం, వీడియోకు అది లోపం. ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ అన్నది ఆన్ చేస్తే సరిపోతుంది.

నాలుగు అంచులూ కోసుకుపోయి, తెర అడుగున అక్షరాలు సగమే కనిపిస్తే అది టీవీ పాత అలవాటు. గాజు ట్యూబుల కాలంలో అంచుల వంకరను దాచడానికి బొమ్మను కాస్త పెంచి చూపేవారు. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటి పేర్లతో ఉన్నది ఎంచుకుంటే చుక్కకు చుక్క సరిపోతుంది.

నలుపు బూడిద రంగులోకి తేలినా, నల్లకోటు మడతలన్నీ కలిసిపోయి ముద్దగా కనిపించినా కారణం లెక్కల తేడా. వీడియోలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. ఒకరి లెక్కలో పంపినది మరొకరు ఇంకో లెక్కలో చదివితే నలుపు చెడుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఫుల్, లిమిటెడ్ అని రెండుంటాయి. టీవీకి ఏది సరిపడితే అది పెట్టాలి.

బొమ్మ టీవీలో, మాట ల్యాప్‌టాప్‌లో వస్తుంటే విండోస్ సౌండ్ సెట్టింగుల్లో టీవీ పేరును ఎంచుకోండి. ఎంచుకున్నాక కూడా సినిమా మూగదైతే డిస్క్‌లోని డీటీఎస్, డాల్బీ శబ్దాన్ని టీవీ విప్పలేకపోతోందని అర్థం. కొన్ని టీవీల్లో డీటీఎస్ విప్పే భాగమే ఉండదు. ప్లేయర్‌లో శబ్దాన్ని పీసీఎం స్టీరియోగా పంపమని పెడితే కంప్యూటరే విప్పి పంపుతుంది.

రాతి నేల మీద ఎర్తింగ్

మన ప్రాంతానికి సంబంధించిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. భువనగిరి కోటను మోసే ఏకశిల నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ గుట్టల దాకా మన నేల కింద గ్రానైట్ రాయి ఉంది. పైన మట్టి పలచన, వానాకాలం పోతే తేమ తక్కువ. రాయి కరెంటును సులువుగా నేలలోకి పోనివ్వదు. ఇంటి ఎర్తింగ్ గుంత పైపైన తవ్వినదైతే, అందులో బొగ్గూ ఉప్పూ వేసి ఎండాకాలం నీళ్ళు పోయకపోతే, ఎర్త్ తీగ పేరుకే ఉంటుంది.

మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్‌ను రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ ఒంటికి తగిలి చిమచిమలాడటం చాలామందికి తెలిసిందే. చార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా వచ్చే అతి చిన్న కరెంటు అది. డిష్ తీగకో కేబుల్ తీగకో కలిపి ఉన్న టీవీకి ఆ ల్యాప్‌టాప్‌ను కలిపే క్షణంలో రెండింటి వోల్టేజీ తేడా హెచ్‌డీఎంఐ పోర్టులోని సున్నితమైన చిప్ మీద పడుతుంది. నిన్నటిదాకా పనిచేసిన పోర్టు ఇవాళ ఏ కేబుల్‌కూ పలకకపోతే, పక్క పోర్టు మాత్రం పనిచేస్తుంటే, ఇలా దెబ్బతిన్నదేమో చూడాలి. హెచ్‌డీఎంఐ తీగను ఎప్పుడైనా టీవీ, చార్జర్ రెండూ ప్లగ్గుల నుంచి తీశాకే కలపండి. ఉరుములు మొదలైతే డిష్ తీగ తీసేయండి. ఎర్త్ బాగుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఇది టీవీకే కాదు, ఇంట్లో మనుషుల ప్రాణాలకూ రక్ష.

ఇవాళే చేయాల్సిన పని

బ్లూరే డిస్క్ 2006లో మార్కెట్లోకి వచ్చింది. 2008లో తోషిబా తన పోటీ హెచ్‌డీ డీవీడీని వదిలేయడంతో అదే నిలిచింది. ఇప్పుడు దాని కాలమూ దాటుతోంది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో డిస్క్ డ్రైవ్ దాదాపు మాయమైంది. డిస్క్ చెడకపోయినా దాన్ని చదివే యంత్రం దొరకని రోజు దగ్గరలోనే ఉంది.

కాబట్టి బొమ్మ పడిన రోజున చూసి సంతోషించి ఊరుకోకండి. మీ ఇంటి పెళ్ళి డిస్క్‌లోని ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అక్కడి నుంచి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి ఇంట్లో, ఇంకొకటి దూరాన ఉన్న బంధువుల దగ్గర ఉంచండి. ఏడాదికోసారి రెండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. పక్కింటివాళ్ళ దగ్గర డ్రైవ్ లేకపోతే మీది ఇచ్చి వాళ్ళ డిస్కులనూ కాపీ చేయించండి. ఆ డిస్కుల్లో కనిపించే పెద్దవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ నడక, వాళ్ళ మాట మళ్ళీ చూసే దారి ఆ ఫైళ్ళే.